బొమ్మ వేషాలు బుక్ చేసుకునే షాపుల వారికి హెచ్చరిక: ఫొటో చూసి అడ్వాన్స్ పంపకండి

హనుమకొండ, వరంగల్, కాజీపేటలోనే కాదు, కరీంనగర్, జమ్మికుంట దాకా షోరూమ్ ఓపెనింగ్ అంటే గేటు ముందు బొమ్మ వేషం ఉండాల్సిందే అన్నట్టు అయింది. టెడ్డీ, గొరిల్లా, గాలి నింపే పాండా, పొడుగు కాళ్ల మనిషి, లేదంటే కంపెనీ సొంత బొమ్మ. వీటిని పంపుతామని వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో తిరిగే కొందరు ఏజెంట్ల చేతిలో షాపుల వాళ్లు వరుసగా దెబ్బ తింటున్నారు. పైసలు పోవడం ఒక ఎత్తు. వేషంలో ఉన్న పోరగాడు ఎండకు మన గడప ముందే కూలిపోతే అది అంతకంటే పెద్ద ఎత్తు. మాట్లాడుకునే ముందు ఇది పూర్తిగా చదవండి.

మోసం జరిగే తీరు దాదాపు ఒకటే. తెల్లగా మెరిసే కొత్త పాండా ఫొటో పంపుతారు. అది ఏ విదేశీ మాల్‌లోనో తీసిన ఫొటో. ముహూర్తం రోజు దిగేది మాత్రం బొచ్చు ఉండలు కట్టిన, ఒక కన్ను వేలాడుతున్న, జిప్ పోయి పిన్నీసులు పెట్టిన డ్రెస్సు. దగ్గరికి పోతే చెమట వాసన. అడిగితే "అదే మోడల్ సార్, లైటింగ్ తేడా" అంటారు. అసలు సంగతి ఏమిటంటే చాలామంది ఏజెంట్ల దగ్గర సొంత డ్రెస్సు ఒక్కటి కూడా ఉండదు. ఫోన్ ఎత్తినవాడు ఇంకో ఏజెంటుకు చెప్తాడు, ఆయన హైదరాబాద్‌లో అద్దెకు ఇచ్చేవాళ్లకు చెప్తాడు. మీరిచ్చిన దాంట్లో రెండు చేతులు కమీషన్ పట్టుకున్నాక, వేషం వేసే మనిషికి మిగిలేది రోజు కూలి. అక్షయ తృతీయ, శ్రావణ శుక్రవారాలు, దసరా, ధనత్రయోదశి లాంటి రోజుల్లో ఒకే డ్రెస్సును రెండు షాపులకు ఒప్పుకుంటారు. ఎక్కువ ఇచ్చినవాళ్లకు అది పోతుంది, రెండోవాళ్లకు "జనగామ దాటినం సార్" అని మధ్యాహ్నం దాకా ఫోన్లు వస్తాయి.

దీనికి విరుగుడు వీడియో కాల్. ఏజెంటు రికార్డు చేసి పంపిన వీడియో వద్దు, కాలే కావాలి. మీ షాపు పేరు, ఆ రోజు తేదీ రాసిన చీటీని బొమ్మ ఛాతీ మీద పెట్టమనండి. తలకాయను తిప్పి లోపలి వైపు చూపించమనండి. పైన ఎంత మెరిసినా లోపలి ఫోమ్ పసుపు పచ్చగా మారి పొడి రాలుతుంటే అది పాతదని అర్థం. వెనక జిప్‌ను పైనుంచి కిందికి, కింది నుంచి పైకి ఒకసారి లాగించండి. చేతి గ్లౌజులు, బూట్లు, తోక అన్నీ నేల మీద పరిచి చూపించమనండి. బూట్లు తప్పకుండా చూడాలి. అవి తప్పిపోతే గొరిల్లా కింద రబ్బరు చెప్పులతో తిరుగుతుంది. ఇవన్నీ చూపించడానికి పది నిమిషాలు చాలు. "గోడౌన్‌లో ఉంది, రేపు చూపిస్తా" అంటే ఆ మనిషి దగ్గర డ్రెస్సు లేదు.

డ్రెస్సులో రెండు రకాలు, వాటి తంటాలు వేరు. ఫోమ్ తలకాయ, బొచ్చు ఒళ్లు ఉన్నది బరువుగా ఉంటుంది, గాలి ఆడదు. చూపు నోటి జాలీలోంచో, కంటి రంధ్రంలోంచో మాత్రమే. పక్కలు కనిపించవు, కాళ్ల ముందున్న మెట్టు అసలే కనిపించదు. వేషం వేసే మనిషి ఎత్తు ఆ డ్రెస్సుకు సరిపోవాలి. పొట్టివాడికి పెద్ద డ్రెస్సు తొడిగితే జాలీ కళ్ల ఎత్తుకు రాదు, నడుం దగ్గర బట్ట ముడతలు పడి కాళ్లకు అడ్డం తగులుతుంది. అందుకని డ్రెస్సు ఏ ఎత్తు మనిషికి సరిపోతుందో, వచ్చే మనిషి ఎత్తు ఎంతో రెండూ అడగండి.

రెండోది గాలి డ్రెస్సు. నడుం దగ్గరో వెనకో చిన్న ఫ్యాన్, దానికో బ్యాటరీ. ఫ్యాన్ ఆగకుండా గాలి లోపలికి నెడుతూ ఉంటేనే అది నిలబడుతుంది. పాత బ్యాటరీ గంటకే చేతులెత్తేస్తుంది. అప్పుడు బట్ట మొత్తం లోపలి మనిషి ముఖం మీదికి వాలిపోతుంది, ఊపిరాడక కంగారు పడతాడు. కాబట్టి నిండా చార్జ్ చేసిన రెండో బ్యాటరీ పక్కనే ఉండాలి, జిప్ తీయడం తెలిసిన మనిషి చేయి చాచే దూరంలో ఉండాలి. పార్టీ పాపర్ల నుంచి ఎగిరే కాగితం ముక్కలను ఆ ఫ్యాన్ పీల్చుకుంటుంది, రెక్కలు ఆగిపోతాయి. రిబ్బన్ కటింగ్ దగ్గర సరిగ్గా ఇదే జరుగుతుంది, కాబట్టి పాపర్లు పేల్చేటప్పుడు బొమ్మను దూరంగా నిలబెట్టండి. టపాకాయలు, హారతి పళ్లెం, కొబ్బరికాయ మీద వెలిగించే కర్పూరం, వీటి దగ్గరికి ఏ రకం డ్రెస్సునూ రానివ్వకండి. గాలి డ్రెస్సు నైలాన్ లేదా పాలిస్టర్ బట్ట, బొచ్చు డ్రెస్సు కూడా ఎక్కువగా పాలిస్టరే. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది, లోపలి మనిషి తనంతట తాను బయటికి రాలేడు.

లోగో దగ్గర చాలామంది నష్టపోతారు. "మీ బ్రాండ్ వేసి పంపుతాం" అంటారు, వచ్చాక చూస్తే ఫ్లెక్స్ ముక్కను డబుల్ టేపుతో అంటించి ఉంటుంది. బొచ్చు మీద టేపు నిలవదు, అరగంటలో ఊడి కింద పడుతుంది. గాలి డ్రెస్సుకు పిన్నీసు గుచ్చితే చిల్లి పడుతుంది, తర్వాత ఆ నష్టం మీ డిపాజిట్‌లో కోస్తారు. బట్ట మీద ప్రింట్ వేయించి వెల్క్రోతో అంటించడం, లేదా బొమ్మకు సరిపడే టీషర్టు, భుజం మీదుగా వేసే పట్టీ కుట్టించడం మంచిది. దానికి బొమ్మ ఛాతీ కొలత ముందే కావాలి. మనుషుల సైజు డబుల్ ఎక్స్ఎల్ దానికి ఎక్కదు. ఇక సొంత బొమ్మ కొత్తగా చేయించుకునేవాళ్లు డ్రెస్సు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. లేకపోతే మీరు డబ్బు పెట్టి చేయించిన బొమ్మనే లోగో పీకేసి ఇంకో షాపుకు అద్దెకు తిప్పుతారు.

ఇప్పుడు అసలు సంగతి, గంటల లెక్క. "నాలుగు గంటల ప్రోగ్రాం, ఒక్క మనిషి" అని ఎవరైనా చెప్తే అక్కడే ఆపేయండి. ఆ డ్రెస్సులో ఒక మనిషి ఏకబిగిన 20 నిమిషాలు, మహా అయితే అరగంట ఉండాలి. తర్వాత కనీసం అంతసేపు తలకాయ తీసి కూర్చోవాలి. అంటే నాలుగు గంటల్లో ఒక మనిషి నిజంగా బొమ్మగా ఉండేది రెండు గంటలే. బొమ్మ ఆగకుండా కనిపించాలంటే ఒకే ఎత్తున్న ఇద్దరు కావాలి, ఒకరి తర్వాత ఒకరు తొడగాలి, ఎవరి లోపలి నూలు టోపీ వారికే ఉండాలి. ఏజెంట్లు ఇద్దరి డబ్బు రాసి ఒక్కడినే పంపడం మామూలైపోయింది. వచ్చినవాళ్లను లెక్కపెట్టుకోండి.

వరంగల్ ఎండ సంగతి వేరే చెప్పాలా? మే నెలలో 42, 44 డిగ్రీల రోజులుంటాయి. అక్షయ తృతీయ సరిగ్గా ఆ కాలంలోనే వస్తుంది. ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా బొమ్మను బయట నిలబెట్టకండి. ముహూర్తం 10:30కి ఉంటే రిబ్బన్ అయ్యేదాకా ఒక విడత, మళ్లీ 4:30 తర్వాత గిరాకీ వచ్చే వేళకు పెట్టుకోండి. వేసవిలో 15 నిమిషాలు వేషం, అరగంట విశ్రాంతి. ఒక లీటరు నీళ్లలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి పక్కన పెట్టండి. మనిషి తడబడుతున్నా, పిలిస్తే సరిగా పలకకపోయినా, వాంతి అన్నా వెంటనే జిప్ తీసి డ్రెస్సు మొత్తం విప్పండి, నీడకు చేర్చి తడి బట్టతో ఒళ్లు తుడుస్తూ ఫ్యాన్ పెట్టండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. విశ్రాంతికి మెట్ల కింద స్టోర్ రూమ్ కాదు, ఫ్యాన్, తలుపుకు గడియ ఉన్న గది ఇవ్వండి. వెల్‌కమ్ గర్ల్స్‌ను పిలిస్తే వాళ్లకు వేరే గది, రాత్రి ఇంటికి చేరే బండి ఎవరిదో ముందే తేల్చండి.

బొమ్మతో పాటు ఒక తోడు మనిషి తప్పనిసరి. కొటేషన్‌లో ఆ మనిషిని ఎగరగొట్టి ధర తక్కువ చూపిస్తారు. బొమ్మకు రోడ్డు కనిపించదు. హనుమకొండ చౌరస్తా, వరంగల్ చౌరస్తా లాంటి చోట గిరాకీని పిలవడానికి రోడ్డు మీదికి అడుగేస్తే బస్సు వచ్చేది కూడా తెలియదు. పిల్లలు తోక లాగడం, ఫొటో కోసం చంటిబిడ్డను బొమ్మ చేతిలో పెట్టబోవడం, ఇవన్నీ తోడు మనిషే చూసుకోవాలి. బొమ్మ పిల్లలను ఎత్తుకోకూడదు. ఆ గ్లౌజుల్లో పట్టు ఉండదు. ఊరేగింపుగా రోడ్డు మీద తిప్పాలన్నా, మైకు పెట్టాలన్నా ముందు పోలీసు అనుమతి తీసుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వద్దు.

డ్రెస్సులో ఉన్నది ఎవరో తల తీయించి చూడండి. ఖర్చు తగ్గుతుందని చిన్న పిల్లలను లోపల పెట్టి పంపేవాళ్లున్నారు. 14 ఏళ్ల లోపు పిల్లలతో ఇలాంటి పని చేయించడం నేరం, మీ షాపు ముందు జరిగితే మీరూ జవాబు చెప్పాలి. అనుమానం వస్తే ఆధార్ అడగండి, చిన్నవాడని తేలితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి.

ఛోటా భీమ్, మిక్కీ మౌస్ వేషాలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి కదా అని మీ ప్రకటనలో పెట్టకండి. ఛోటా భీమ్ హైదరాబాద్‌కు చెందిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థది, మిక్కీ డిస్నీది. అనుమతి లేకుండా వ్యాపారానికి వాడితే నోటీసు మీ పేరు మీద వస్తుంది, ఏజెంటు అప్పటికి నంబర్ మార్చేసి ఉంటాడు. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద తెలిసి చేసిన ఉల్లంఘనకు 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, రూ. 50,000 నుంచి రూ. 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. మామూలు ఎలుగు, పులి, గొరిల్లా చాలు, గిరాకీ దానికీ ఆగుతుంది.

ఇంకోటి, ఇది పైసల సంగతి కాదు. "గుస్సాడీ సెట్" అని పట్నం పోరలకు ఈకల టోపీ పెట్టి పంపే ఏజెంట్లు తయారయ్యారు. గుస్సాడీ అంటే ఆదిలాబాద్ రాజ్‌గోండుల దండారి పండుగ మొక్కు. దీపావళి రోజుల్లో ఆ నెమలి ఈకల టోపీ పెట్టినవాళ్లు దండారి ముగిసేదాకా స్నానం కూడా చేయకుండా నియమంగా ఉంటారు. ఆ ఆటను కాపాడినందుకు మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. దాన్ని మొబైల్ షాపు గేటు ముందు నకిలీగా ఆడించడం ఆ జనాన్ని అవమానించడమే. ఒగ్గుడోలు, పేరిణి, కొమ్ము కోయ కావాలనుకుంటే ఏజెంటును పక్కన పెట్టి అసలు బృందంతోనే మాట్లాడండి, డబ్బు నేరుగా వాళ్ల చేతికే ఇవ్వండి. ఆట కూడా ఎన్నో రెట్లు బాగుంటుంది.

డబ్బు దగ్గరికి వద్దాం. సగం అడ్వాన్స్ సొంత యూపీఐకి కొట్టమంటే ఒప్పుకోకండి. వీడియో కాల్ అయ్యాక నాలుగో వంతు, డ్రెస్సు మీ ఊరు చేరి చేత్తో చూసుకున్నాక ఇంకో నాలుగో వంతు, మిగతా సగం ప్రోగ్రాం అయ్యాక. హైదరాబాద్ నుంచి వచ్చే డ్రెస్సు ముందు రోజు రాత్రికే చేరాలని రాయించుకోండి. పొద్దున రైలుకు వస్తామన్నవాళ్ల చేతిలో ముహూర్తం పెట్టకూడదు. 18 శాతం జీఎస్టీ వేస్తే నంబర్ అడగండి. అది 15 అక్షరాలుంటుంది, తెలంగాణలో తీసుకున్నదైతే 36తో మొదలవుతుంది, జీఎస్టీ పోర్టల్‌లో ఊరికే చూసుకోవచ్చు. రూ. 10,000 పనికి రూ. 1,800 అదనం. నంబర్ లేనివాళ్లకు అది వసూలు చేసే హక్కే లేదు. సెక్యూరిటీ డిపాజిట్ అడిగితే డ్రెస్సు అందుకున్నప్పుడు, తిరిగి ఇచ్చేటప్పుడు చిరుగులన్నీ కనిపించేలా వీడియో తీయండి, లేకపోతే పాత చిరుగుకు మీరు కట్టాలి.

కాగితం మీద, కనీసం వాట్సాప్‌లోనైనా ఇవి ఉండాలి: డ్రెస్సు ఫొటో (వీడియో కాల్‌లో మీరు తీసుకున్నది), వేషం వేసేవాళ్లు ఎంతమంది, తోడు మనిషి పేరు, చేరే సమయం, విడతల సమయాలు, బ్యాటరీలు ఎన్ని, ఆలస్యమైతే గంటకు ఎంత కోత, వేరే డ్రెస్సు వస్తే ఎంత కోత. అడ్వాన్స్ తీసుకుని ఫోన్ బంద్ పెడితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బును ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ. వినియోగదారుల కమిషన్‌కు పోదామంటే ఒక చిక్కుంది. వ్యాపార ప్రయోజనానికి తీసుకున్న సేవలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మినహాయింపు ఉంది కాబట్టి అవతలివాళ్లు దాన్నే పట్టుకుంటారు. పిల్లల పుట్టినరోజుకు పిలిచి మోసపోయినవాళ్లకు ఆ చిక్కు లేదు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పుకోవచ్చు.

ప్రోగ్రాం రోజు వేరే డ్రెస్సు దిగితే గొడవ పెట్టుకుని ముహూర్తం పాడు చేసుకోకండి. తొడగక ముందే ఫొటో తీయండి, ఏజెంటుకు ఆ నిమిషమే వాట్సాప్‌లో పంపి "ఒప్పుకున్నది ఇది కాదు, రాసుకున్న కోత పోనూ మిగతాది ఇస్తాం" అని రాయండి. వాడదగ్గదైతే వాడండి, చిరిగి వాసన కొడితే లోపలికే రానివ్వకండి. వచ్చిన పోరగాడి మీద మాత్రం అరవకండి. ఆ డ్రెస్సు అతను ఎంచుకున్నది కాదు. అతని రోజు కూలి, దారి ఖర్చు అతని చేతికే ఇచ్చి, రసీదు రాయించుకుని, ఆ మొత్తాన్ని మీరు ఏజెంటుకు ఇవ్వాల్సిన దాంట్లోంచి తీసేయండి.