ఐరన్ బోరేట్లలో మాగ్నెటిక్ ఆర్డర్ చూడాలంటే ఏది మేలు, న్యూట్రానా లైటా?

ఏయూలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ తమ్ముళ్ళు రేర్ ఎర్త్ ఐరన్ బోరేట్ల (నియోడిమియం, గాడొలీనియం లాంటి రేర్ ఎర్త్ మూలకం, ఐరన్, బోరాన్, ఆక్సిజన్ కలిసిన క్రిస్టల్స్) గురించి చదివి "అన్నా, న్యూట్రాన్ డేటా లేకపోతే మాగ్నెటిక్ ఆర్డర్ అని రాయకూడదా, స్పెక్ట్రా చాలవా" అని అడుగుతున్నారు. మాగ్నెటిక్ ఆర్డర్ అంటే అయాన్ల స్పిన్లు, అంటే బుల్లి అయస్కాంతాలు, ఒక పద్ధతిలో సర్దుకోవడం. దాన్ని న్యూట్రాన్లు క్రిస్టల్‌లో చెదిరే తీరుతో చూడొచ్చు, లేదా క్రిస్టల్ ఏ లైట్‌ని పీలుస్తుందో చూపే గీతలతో (స్పెక్ట్రా) చూడొచ్చు. నా ఓటు ముందు లైట్‌కే.

ఈ క్రిస్టల్స్‌లో ఐరన్ అయాన్లు సి యాక్సిస్ (క్రిస్టల్ ముఖ్యమైన అక్షం) వెంబడి మెలికలు తిరిగిన గొలుసుల్లా ఉంటాయి, సుమారు 30 నుంచి 40 కెల్విన్ మధ్య వాటి స్పిన్లు యాంటీఫెర్రోమాగ్నెటిక్‌గా, అంటే పక్కపక్కవి ఎదురెదురు దిక్కుల్లో, సర్దుకుంటాయి. రేర్ ఎర్త్ తనంతట తాను ఆర్డర్ అవ్వదు, ఐరన్ వల్ల వచ్చే ఫీల్డ్‌కి లొంగుతుంది. లైట్‌తో పట్టుకునేది సరిగ్గా అదే, నియోడిమియంలా ఎలక్ట్రాన్ల లెక్క బేసిగా ఉన్న అయాన్‌లో ప్రతి ఎనర్జీ లెవెల్ జంటగా ఉంటుంది, ఆ జంటని విడదీయాలంటే మాగ్నెటిక్ ఫీల్డే కావాలి, కాబట్టి చల్లబరుస్తుంటే 30 కెల్విన్ దగ్గర గీత చీలడం మొదలైందంటే ఇక వాదన లేదు, ఆర్డర్ వచ్చేసినట్టే. బాగా చల్లగా ఉన్నప్పుడు నియోడిమియం గ్రౌండ్ లెవెల్ చీలిక సుమారు 1 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్ట్, మంచి ఫోరియర్ స్పెక్ట్రోమీటర్‌కి (గీతల్ని సన్నగా విడదీసి చూపే పరికరం) అది పెద్ద దూరమే.

న్యూట్రాన్‌తో గొడవంతా బోరాన్ వల్లే. మామూలు బోరాన్‌లో ఐదో వంతు బోరాన్-10, అది న్యూట్రాన్లని ఎండిన ఇసుక నీళ్ళని తాగినట్టు తాగేస్తుంది, అందుకని ఖరీదైన బోరాన్-11 తెచ్చి శాంపిల్ చేయాలి. గాడొలీనియం అయితే మరీ ఘోరం, అదే ఇంకా ఎక్కువ మింగేస్తుంది. పైగా మనం ముంబైలో ధ్రువ రియాక్టర్ దాకా వెళ్ళాలి, బీమ్ టైమ్‌కి (న్యూట్రాన్లు వాడుకునే సమయానికి) ప్రపోజల్ రాసుకుని కూర్చోవాలి.

అలాగని లైట్‌తో అన్నీ తెలుస్తాయా అంటే తెలీవు. నియోడిమియం బోరేట్‌లో 13.5 కెల్విన్ దగ్గర మాగ్నెటిక్ స్ట్రక్చర్ పొడవాటి స్పైరల్‌గా మారుతుందని చెప్పింది న్యూట్రానే, స్పైరల్ పొడవు కొలవడం గీతల వల్ల అయ్యే పని కాదు.

గాడొలీనియానికి ఇంకో చిక్కు, దాని సొంత గీతలు దూరంగా అల్ట్రావయొలెట్‌లో, ఐరన్ అబ్జార్ప్షన్ కింద పడిపోతాయి. అప్పుడు ఇంకో రేర్ ఎర్త్ ఎర్బియం కాస్త కలిపితే చాలు, 1.5 మైక్రాన్ దగ్గర, అదే మన ఇంటర్నెట్ ఫైబర్ వాడే చోట, దాని గీతలు శుభ్రంగా కనిపిస్తాయి. 37 కెల్విన్ దగ్గర ఆర్డర్, 9 కెల్విన్ దగ్గర స్పిన్లు ప్లేన్‌లోంచి యాక్సిస్ వైపు తిరగడం, రెండూ గీతల్లో దొరుకుతాయి.

శాంపిల్ మొత్తం అయస్కాంతత్వం కొలిచే మాగ్నెటోమీటర్ మాటంటారా, సులువే గానీ రేర్ ఎర్త్ సిగ్నల్ పెద్దగా ఉంటే ఐరన్ ఆర్డర్ అయ్యేచోట వచ్చే మలుపు అందులో మునిగిపోతుంది.

వైజాగ్ తేమ గాలికి స్పెక్ట్రోమీటర్‌లో లైట్‌ని రెండుగా చీల్చే కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్) బీమ్ స్ప్లిటర్ మసకబారిపోద్ది, నియర్ ఇన్‌ఫ్రారెడ్‌కి కాల్షియం ఫ్లోరైడ్ చాలు కాబట్టి ఆ బెంగ లేదు. హోల్మియంలో మాత్రం స్పిన్లు తిరిగేది 5 కెల్విన్ దగ్గర, మీ క్రయోస్టాట్ (శాంపిల్‌ని చల్లబరిచే పరికరం) 10 కెల్విన్ దగ్గరే ఆగిపోయే రకమైతే దాని జోలికి పోకండి, నియోడిమియంతో మొదలెట్టండి.