మూడున్నర గంటల గ్యాప్ కూడా చాలలేదు: దుబాయ్ నుంచి బరంపురం

దుబాయ్‌లో చెల్లి ఇంట్లో ఉన్నన్నాళ్లూ హాయిగా గడిచిపోయింది. దాని గురించి రాయడానికేమీ లేదు. రాయాల్సిందల్లా తిరుగు ప్రయాణం గురించే. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లొచ్చే మనవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. కోపం ఇంకా తగ్గలేదన్నది రెండో కారణం.

అమ్మ, మా ఆవిడ, నేను. దిగిన రోజు సాయంత్రం ఆరింటికి బరంపురంలో అన్నయ్య కూతురి నిశ్చితార్థం. దుబాయ్ నుంచి ఒక మహానగరానికి ఒక టికెట్, అక్కణ్ణుంచి భువనేశ్వర్‌కు ఇంకో కంపెనీలో ఇంకో టికెట్. రెండూ ఒకే పీఎన్ఆర్‌లో, అంటే ఒకే బుకింగ్‌లో కావాలంటే మనిషికి ₹8,400 ఎక్కువ. "మూడున్నర గంటల గ్యాప్ ఉంది సార్, టిఫిన్ కూడా తిని ఎక్కొచ్చు" అన్నాడు ఏజెంట్.

తెల్లవారుజామున 5:05కి దిగాల్సిన విమానం 5:20కి దిగింది. అంతవరకు ఫర్వాలేదు. ఎక్కడో మూల ఆపి, బస్సుల్లో ఎక్కించి ఇమిగ్రేషన్ హాలుకు చేర్చేసరికి 5:50. లోపల చూస్తే జాతరే. గల్ఫ్ నుంచి వచ్చిన విమానాలన్నీ ఒకేసారి దిగినట్టున్నాయి. కౌంటర్లు వరసగా బోలెడు ఉన్నాయి, మనుషులు కూర్చున్నవి మాత్రం సగం కూడా లేవు. తాళ్ల మధ్య మెలికలు తిరిగే ఆ క్యూలో ఒకే బట్టతల పెద్దాయన నాకు ఎదురుగా వస్తూ పోతూ ఎన్నిసార్లు కనిపించాడో. చివరికి ఇద్దరం పలకరించుకోవడం కూడా మానేశాం. మా ముందున్న కౌంటర్లో ఆఫీసరు ఉన్నట్టుండి లేచి, కుర్చీకి వేలాడుతున్న కోటు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ వరస వాళ్లందరినీ పక్క వరసలో కలిపేశారు.

అక్కడ తిరుగుతున్న ఇంకో ఆఫీసరుకు బోర్డింగ్ పాస్ చూపించి, 8:35కి కనెక్షన్ ఉందని హిందీలో బతిమాలాను. మొహం కూడా చూడకుండా "సబ్‌కా హై" అన్నాడు. అందరికీ ఉంటే ఇంకో నలుగుర్ని కూర్చోబెట్టాలి కదా అని నోటిదాకా వచ్చింది. పాస్‌పోర్టు వాళ్ల చేతిలో పెట్టాల్సినవాణ్ణి, మింగేశాను.

మోకాళ్లు పట్టేసి అమ్మ మధ్యమధ్యలో సూట్‌కేసు మీద కూర్చుంటోంది. దుబాయ్‌లో చెల్లి వీల్‌చైర్ రాయిస్తానంటే "నేనేమన్నా మంచాన పడ్డానా" అని కసిరింది. ఇక్కడ వీల్‌చైర్ వాళ్లు వేరే దారిలో, వెంట ఉన్న మనిషితో సహా చకచకా వెళ్లిపోతుంటే చూసి తలతిప్పుకుంది. మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. మామూలుగా క్యూలో పక్కవాళ్ల జాతకాలు కూడా తెలుసుకునే మనిషి.

7:25కి ముద్ర పడింది. బెల్టు ఆగిపోయి, మా పెట్టెలు నేల మీద పడి ఉన్నాయి. కస్టమ్స్ గ్రీన్ చానల్ దాటి, లిఫ్టు కోసం నిలబడి, దేశీయ విమానాల కౌంటర్ చేరేసరికి 7:48. చెకిన్ గంట ముందు, అంటే 7:35కే మూసేశారు. పదమూడు నిమిషాలు! కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది: వేర్వేరు టికెట్లు కాబట్టి మీరు 'నో షో', అంటే వేళకు రానివాళ్ల కింద లెక్క, ఇమిగ్రేషన్ ఆలస్యానికి మా బాధ్యత లేదు. మనిషికి ₹5,350 చొప్పున గోవిందా.

భువనేశ్వర్‌కు మళ్లీ టికెట్ అడిగితే సాయంత్రం విమానం, మనిషికి ₹12,480. విశాఖకు మధ్యాహ్నం 1:15కి ₹6,950. ఏం చేయాలో తెలియక నేను ఒడియాలో గొణుక్కుంటుంటే, వీల్‌చైర్ తోసే కుర్రాడొకడు ఆగి "గంజాం కీ?" అన్నాడు, మా బరంపురం ఉన్న గంజాం జిల్లావాళ్లా అని. ఆస్కా దగ్గర పల్లెటూరట. అమ్మను "మావుసీ, కూర్చోండి" అన్నాడు. ఎవరిమాటా వినని మా అమ్మ నోరెత్తకుండా కూర్చుంది. గేటు దాకా తోసుకెళ్లి, డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ విమానాశ్రయం మొత్తంలో నాకు నచ్చింది అతనొక్కడే. అక్కడ రెండిడ్లీ ₹310, కాఫీ ₹260. ఇడ్లీ సంగతి అడక్కండి.

విశాఖలో సామాను చేతికొచ్చేసరికి నాలుగు దాటింది. అమ్మతో రైలు ఎక్కలేక ₹6,800కి కారు మాట్లాడాను, టోల్ కలిపి. టెక్కలి దాటేటప్పుడు అన్నయ్య ఫోన్: తాంబూలాలు మార్చుకున్నారు, భోజనాలు అవుతున్నాయి. "ఇప్పుడెళ్లి అడుగంటిన గిన్నెలు చూడాలా? దారిలోనే తినేద్దాం" అంది అమ్మ. ఇచ్ఛాపురం వెనకబడి, గిరిసోల గేటు దాటాక రేకుల షెడ్డులో ఒక హోటల్ కనిపించింది. వేడన్నం, దాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు), ఆవ పెట్టిన చేపల కూర. వడియాలు వేయించి వెల్లుల్లి, పచ్చిమిర్చితో నలిపిన బడి చూరా అడక్కుండానే విస్తట్లో వేశారు. ఓనరు సగం తెలుగు, సగం ఒడియాలో "ఇంకా పెట్టించుకోండమ్మా" అంటూ నిలబడ్డాడు. మనిషికి ₹110. మా ఆవిడ మొదటిసారి నోరు విప్పి, ఇంకాస్త బడి చూరా అడిగింది.

ఇక నా సలహా. విదేశం నుంచి వస్తే మామూలుగా దేశంలో మొదట దిగినచోటే ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ అన్నీ అవ్వాలి. టికెట్లు వేర్వేరైతే అయిదారు గంటల గ్యాప్ లేకుండా ఎక్కకండి. ఒకే పీఎన్ఆర్ అయితే తర్వాతి విమానంలో పంపే బాధ్యత కంపెనీది. మన వైపు వాళ్లు హైదరాబాద్‌లో దిగడం నయం అంటాను. విమానం పోయినా ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లు బరంపురం మీదుగానే వెళ్తాయి. ఇంకోటి, ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్: కౌంటర్ క్యూలో నిలబడకుండా, వాటంతటవే తెరుచుకునే ఈ-గేట్లలోంచి వెళ్లిపోయే పద్ధతి. 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలై, 2025 జనవరిలో ముంబై, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్, కొచ్చి, అహ్మదాబాద్‌లకు వచ్చింది. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఉచితం. ముందే ఆన్‌లైన్‌లో నమోదై, వేలిముద్రలు ఇచ్చి ఉండాలి. మేం క్యూలో నలుగుతున్నంతసేపూ ఆ ఈ-గేట్లు ఖాళీగా ఉన్నాయి.

విమానం ఎక్కకపోయినా టికెట్‌లోని పన్నులు, విమానాశ్రయం ఫీజులు వెనక్కివ్వాలని డీజీసీఏ (విమాన కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నియమం ఉంది. అడిగితే "నో షోకు రీఫండ్ లేదు" అని కంపెనీ జవాబు పంపింది. నియమం పేరు చెప్పి మళ్లీ రాశాను. మూడు టికెట్లకూ కలిపి ₹2,214 ఖాతాలో పడ్డాయి. అడగనివాళ్లవి వాళ్ల దగ్గరే ఉండిపోతాయి కాబోలు.