‘వ’ పోయిన కాగితం: పర్లాకిమిడి కోర్టు దగ్గరి అనువాదాల కొట్టు

మా చెల్లి ఐర్లాండ్‌లోని కార్క్‌లో నర్సు. 2020 జనవరిలో వెళ్లింది. ఐదేళ్లు నిండాయి కాబట్టి 2025లో అక్కడి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంది. ఇక్కడి నుంచి పంపాల్సిన కాగితాల పనంతా నా మీద పడింది. ఆ పనిలో నన్ను గట్టెక్కించింది ఆంధ్రా సరిహద్దులో ఒడిశా వైపున్న పర్లాకిమిడిలో, కోర్టు దగ్గరున్న ఒక చిన్న టైపింగ్, అనువాదాల కొట్టు. బోర్డు మీద పేరు సగం చెరిగిపోయింది. అందరూ మాస్టారి కొట్టు అంటారు. మన సరిహద్దులో పుట్టి విదేశాలకు కాగితాలు పంపుకునే తెలుగువాళ్లకు పనికొస్తుందని ఇంత వివరంగా రాస్తున్నాను.

నిజానికి నేను మొదట వెళ్లింది అక్కడికి కాదు. ఒక పెద్ద ఊళ్లో కన్సల్టెన్సీకి వెళ్లాను. ఏసీ గది, గోడ నిండా యూరప్ జెండాలు. కాగితాలు చూడకముందే అక్కడి కుర్రాడు, “ఐర్లాండ్‌కి అన్నేళ్లు ఎందుకు మేడమ్, మాల్టా గానీ సైప్రస్ గానీ అయితే డబ్బు కడితే చాలు, పాస్‌పోర్టు వచ్చేస్తుంది” అన్నాడు. రాత్రి చెల్లికి ఫోన్ చేసి చెబితే మండిపడింది. సైప్రస్ ఆ పథకాన్ని 2020లోనే ఆపేసింది. మాల్టా డబ్బుకు పౌరసత్వం ఇవ్వడం యూరోపియన్ యూనియన్ చట్టానికి విరుద్ధమని 2025 ఏప్రిల్ 29న యూరప్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. నేను ఆ గదిలో కూర్చున్నది తీర్పు వచ్చాక నెలన్నరకి. ఇల్లు తాకట్టు పెట్టైనా పిల్లల్ని పంపుదామనుకునే తల్లిదండ్రులు ఆ మాట వింటే ఏమైపోతారో అని నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

అయినా అనువాదం పని వాళ్లకే ఇచ్చాను. 18 వేలు తీసుకున్నారు. వారం తర్వాత మెరిసే ఫైల్లో కాగితాలు ఇచ్చారు. స్కాన్ చేసి పంపాను. రెండు రోజులకి చెల్లి ఫోన్.

“అప్పా, ఈ కాగితంలో ఉన్నది నేను కాదట.”

అసలు సంగతి ఇదీ. చెల్లి పేరు ‘వ’తో మొదలవుతుంది. 1990లో పర్లాకిమిడిలో పుట్టింది. అప్పటి జనన ధ్రువపత్రం ఒడియాలో, చేత్తో రాసినది. ఒడియాలో మామూలుగా మన ‘వ’ని ‘బ’గా రాస్తారు, పలుకుతారు. విశాఖపట్నం వాళ్ల నోట బిశాఖాపాటణా అవుతుంది, విజయ్ బిజయ్ అవుతాడు. ఇది ఇక్కడ తప్పు కాదు, మనం పుట్టినప్పటి నుంచీ అలవాటైన విషయం. కానీ ఆ ఒడియా కాగితాన్ని అక్షరం చూసి అక్షరం ఇంగ్లీషులోకి దించేసరికి పేరు ‘బి’ అక్షరంతో మొదలైంది. పాస్‌పోర్టులో ‘వి’ ఉంది. కార్క్‌లో కాగితాలు సరిచూసిన సొలిసిటర్‌కి, అంటే అక్కడి లాయరుకి, ఒడియా సంగతి ఏం తెలుస్తుంది? ఆయన కంటికి ఇద్దరు మనుషులు కనబడ్డారు. పైగా ఆ అనువాదం కింద అనువదించింది ఎవరో పేరు లేదు, సంతకం లేదు, తేదీ లేదు.

ఆ టెన్షన్‌లో ఉండగా మా వీధిలో ఒక మావయ్య మాస్టారి కొట్టు చూపించారు. మాస్టారు తెలుగింటి మనిషి. ఒడియా బడుల్లో పాఠం చెప్పి రిటైర్ అయ్యారు. నేను కాగితాలన్నీ బల్ల మీద పరిస్తే ఆయన వేటినీ ముట్టుకోలేదు.

“ముందు పాస్‌పోర్టు తియ్యమ్మా.”

జిరాక్స్ ఇచ్చాను. దాన్ని ఎడమ పక్కన పెట్టుకుని, జనన ధ్రువపత్రం కుడి పక్కన పెట్టుకుని, స్కేలు ఆనించి ఒక్కొక్క గీతా కిందికి జరుపుతూ చదివారు. పాత ప్యాడ్ మీద తెలుగు ‘వ’ రాశారు. దాని కింద ఒడియా ‘బ’ రాశారు. పక్కన ఇంగ్లీషు అక్షరాలు రెండూ రాసి చుట్టూ సున్నా చుట్టారు. “మనోళ్లందరూ ఇక్కడే తప్పిపోతన్నారమ్మా. మీ చెల్లిదొక్కటే కాదు” అన్నారు. అంతలోనే ఇంకో రెండు చోట్ల పెన్సిల్‌తో టిక్కు పెట్టారు. అవి నేను గానీ, ఆ కన్సల్టెన్సీ వాళ్లు గానీ గమనించనే లేదు.

ఒకటి జిల్లా. ధ్రువపత్రంలో గంజాం జిల్లా అని ఉంది. గజపతి జిల్లా విడిపోయింది 1992 అక్టోబరు 2న, చెల్లి పుట్టిన రెండేళ్లకి. ఆ తర్వాత వచ్చిన కాగితాలన్నిటిలో గజపతి. రెండోది ఊరి పేరు, రాష్ట్రం పేరు. పాత వాటిలో పర్లాకిమిడి, ఒరిస్సా. పాస్‌పోర్టులో పరలాఖెముండి, ఒడిశా. రాష్ట్రం పేరు మారింది 2011లో. ఇవన్నీ మనకు తెలిసినవే. తెలియని దేశంలో ఒక ఆఫీసరు చూస్తే ఒకే అమ్మాయి రెండు ఊళ్లలో, రెండు జిల్లాల్లో పుట్టినట్టు ఉంటుంది.

పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే మార్చి రాసెయ్యమని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. “ఉన్నది ఉన్నట్టే రాస్తాను. ఎందుకలాగుందో కింద రాస్తాను” అన్నారు. అలాగే చేశారు. అనువాదంలో పేరు ఒడియాలో ఉన్నట్టే ఉంచి, కింద ఒక గమనిక పెట్టారు: ఒడియాలో ఈ అక్షరం ‘వ’ శబ్దానికి కూడా వాడతారని, పాస్‌పోర్టులో ఉన్న పేరు ఇదేనని, గంజాం నుంచి గజపతి ఏ తేదీన విడిపోయిందో, ఒరిస్సా ఒడిశాగా ఎప్పుడు మారిందో, నాలుగు వాక్యాల్లో. ఇది మూలానికి సరైన అనువాదమేనని ఒక వాక్యం, దాని కింద తన పూర్తి పేరు, సంతకం, తేదీ, చిరునామా, ఫోన్ నంబరు. ఐర్లాండ్ వీసా వాళ్లు అనువాదాల్లో అడిగేవి సరిగ్గా ఇవే. ఇవి కాక రెండు పేర్లూ ఒకరివేనని స్టాంపు కాగితం మీద అఫిడవిట్ టైపు చేసి, పక్క గదిలో నోటరీ దగ్గర సంతకం చేయించారు. మొత్తం 1,900 రూపాయలు.

ఆ కాగితాలు చూసి సొలిసిటర్ ఇంక ఏ ప్రశ్నా వెయ్యలేదు.

ఐర్లాండ్ పద్ధతి గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది విమానం దిగగానే పీఆర్, అంటే శాశ్వత నివాసం, వస్తుందనుకుంటున్నారు. రాదు. చెల్లి అక్కడి నర్సింగ్ బోర్డు ఒప్పుకున్నాక, డబ్లిన్‌లో ఆప్టిట్యూడ్ టెస్టు పాసై, కొరత ఉన్న ఉద్యోగాలకిచ్చే క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ మీద ఉద్యోగంలో చేరింది. అక్కడ ఉండటానికిచ్చే అనుమతుల్ని స్టాంప్ అంటారు. మొదట స్టాంప్ 1, అంటే పర్మిట్ మీద పని. రెండేళ్లు దాటాక స్టాంప్ 4, అంటే పర్మిట్ లేకుండా పని చేసుకోవచ్చు. పౌరసత్వానికి లెక్కలోకి వచ్చే ఐదేళ్లు కావాలి, అందులో ఆఖరి ఏడాది ఎడతెగకుండా ఉండాలి. ఆ ఏడాదిలో 70 రోజులు మించి దేశం బయట ఉండకూడదు. చదువుకోవడానికి వెళ్లినవాళ్ల స్టాంప్ 2 కాలం ఈ లెక్కలోకి రాదు. ఆ అనుమతి కార్డు రెన్యువల్ ఆలస్యమైతే మధ్యలో ఆ రోజులు కూడా పోతాయి. ఒక్కో రకం కాగితానికి కొన్ని పాయింట్లుంటాయి. మనం ఎవరో గుర్తించడానికి 150 పాయింట్లు, ఉన్న ప్రతి ఏడాదికీ రుజువుగా మరో 150 పాయింట్లు వచ్చేలా కాగితాలు చూపించాలి. దరఖాస్తుకి 175 యూరోలు, మంజూరయ్యాక 950 యూరోలు. మా నాన్నకి కంటి ఆపరేషన్ అయినప్పుడు చెల్లి 19 రోజులుండి వెళ్లిపోయింది. ఇంకొన్నాళ్లు ఉండమని అమ్మ అడిగితే ఫోన్‌లో క్యాలెండర్ చూపించి ఏడ్చింది. ఆ లెక్క ఎంత కష్టమో అప్పుడు అర్థమైంది మాకు.

వాళ్ల పాప 2022 అక్టోబరులో కార్క్‌లోనే పుట్టింది. అక్కడ పుట్టింది కదా, అక్కడి పిల్లే అనుకున్నాం. కాదు. 2005 నుంచి అక్కడ పుడితే చాలదు. పుట్టేనాటికి తల్లి గానీ తండ్రి గానీ అంతకుముందు నాలుగేళ్లలో మూడేళ్లు అక్కడ ఉండి ఉండాలి. చెల్లికి మూడు నెలలు తక్కువైంది.

నాన్నకి ఇంకో బెంగ. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. అక్కడి పౌరసత్వం వచ్చాక మన పాస్‌పోర్టు సరెండర్ చేసి, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు తీసుకోవాలి. “మరి పొలం?” అని నాన్న మాస్టారినే అడిగారు. సరిహద్దు దాటాక ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వైపు మాకు ఎకరంన్నర ఉంది. ఓసీఐ ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి కొత్తగా కొనలేరు, వారసత్వంగా రావడానికి అడ్డు లేదని ఆయన ఓపిగ్గా రెండుసార్లు చెప్పారు. నాన్న ఆ రోజు అన్నం సరిగ్గా తిన్నారు.

లోపాలు కూడా చెబుతాను. చెప్పిన రోజుకి పని అవ్వదు. నాకు నాలుగు రోజులన్నారు, తొమ్మిదయ్యాయి. ఫోన్ ఎత్తరు. కరెంటు పోతే ప్రింటర్ ఆగిపోతుంది, ఇన్వర్టర్ లేదు. రథయాత్ర రోజుల్లో కొట్టు తియ్యరు. రసీదు అడిగితే గానీ ఇవ్వరు. ఇంత జాగ్రత్తగా పని చేసే మనిషి ఒక కుర్రాణ్ణి పెట్టుకుని నేర్పితే బాగుంటుందని ఆయనతోనే అన్నాను. రెండు లిపులూ వచ్చినవాళ్లు దొరకట్లేదన్నారు. అది నిజమే, మా పిల్లలకే తెలుగు రాయడం రాదు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను.

ఒక మాట ఆయన దగ్గరే తెలిసింది. అపోస్టిల్, అంటే కాగితం అసలైనదేనని విదేశాల కోసం మన ప్రభుత్వం వేసే ముద్ర, అడిగే దేశాలకైతే, ఏ రాష్ట్రం ఇచ్చిన కాగితానికి ఆ రాష్ట్రమే ముందు ముద్ర వెయ్యాలి. పుట్టుక ఒడిశాలో, పెళ్లి పాతపట్నంలో అయినవాళ్లు రెండు వైపులా తిరగాలి. ముందే తేల్చుకుని బయల్దేరండి.

చెల్లి జులైలో దరఖాస్తు పెట్టింది, ఇంకా ఎదురుచూస్తున్నాం. కొట్టుకి వెళ్లేవాళ్లు కోర్టు రద్దీ మొదలవకముందే, పదింటికల్లా వెళ్లండి. పాస్‌పోర్టు జిరాక్స్ మాత్రం మర్చిపోవద్దు, అది చూడందే మాస్టారు పెన్ను పట్టరు.