ఒళ్లు చేసే గుర్రానికి ఏ మేత మేలు?

మా పొలంలో ఉన్న పోనీ (పొట్టి జాతి గుర్రం) 300 కిలోలు ఉంటుంది. నీళ్లు తాగినా ఒళ్లు చేసే రకం. పోయిన వానాకాలం తర్వాత చూస్తే పక్కటెముకలు వేళ్లతో నొక్కినా దొరకలేదు, మెడ మీద కొవ్వు గట్టు కట్టింది. ఇలాంటి వాటికి లామినైటిస్ (గిట్ట లోపలి వాపు) భయం ఎక్కువ. గిట్టలు వేడెక్కి, అడుగు తీసి అడుగు వేయలేక నిలబడిపోతాయి. అక్కడ మొదలైంది నా టెన్షన్.

కొందరు మేతే ఆపేయమన్నారు. దయచేసి ఆ పని చేయకండి. గుర్రం కడుపులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది, ఖాళీగా ఉంటే పుండ్లు పడతాయి. పైగా లావెక్కిన పోనీని పస్తు పెడితే ఒంట్లో కొవ్వు ఒక్కసారిగా రక్తంలోకి చేరి ప్రాణం మీదికి వస్తుంది. బరువు తగ్గించాలన్నా, తేమ తీసేసిన లెక్కలో ఒంటి బరువుకి 1.5 శాతం మేత పడాల్సిందే. ఎండుగడ్డిలోనూ కొంత తేమ ఉంటుంది కాబట్టి మా పోనీకైతే రోజుకి సుమారు 5 కిలోల ఎండుగడ్డి.

మరి ఏ గడ్డి? వానలకు లేచిన పచ్చిక చూడ్డానికి బాగుంటుంది కానీ ఎంత మేసిందో లెక్క దొరకదు. కాసేపే వదిలితే ఆబగా మేసేస్తుంది. వదలాలనుకుంటే మూతికి చిక్కం కట్టి తెల్లవారుజామున వదలండి. ఎండెక్కేకొద్దీ గడ్డిలో చక్కెర పెరుగుతుంది. లూసర్న్ అనే పప్పుజాతి మేత‌లో మాంసకృత్తులు, శక్తి రెండూ ఎక్కువే. బక్కగుర్రానికి వరం, దీనికి వద్దు. ఉలవ గుగ్గిళ్లూ అంతే. వరిగడ్డితో ఒళ్లు రాదు నిజమే, కానీ గుర్రం ఆవులా నెమరు వేయదు. అదే మేతగా పెడితే పేగులో గడ్డకట్టి కడుపునొప్పి వస్తుంది. మొత్తంలో పావు వంతు దాటనివ్వను.

నా ఓటు ముదిరాక కోసి ఎండబెట్టిన రోడ్స్ అనే మేతగడ్డికి. ముందు ఎండుగా తూచి, తొట్టిలో గంటసేపు నానబెడతాను. కాసేపటికే నీళ్లు టీ రంగుకి తిరుగుతాయి. గడ్డిలోని చక్కెర కొంత ఆ నీళ్లలోకి దిగుతుంది కాబట్టి పారబోయాలి. మన ఎండలకి అంతకన్నా నాననిస్తే పులుస్తుంది. తడిగడ్డిని వెంటనే సన్నకళ్ల వలసంచిలో వేలాడదీస్తాను. అరగంటలో ఖాళీ అయ్యే మేత చాలాసేపు నడుస్తుంది. నానబెడితే ఖనిజాలు కూడా పోతాయి, అందుకని డాక్టరు చెప్పిన మినరల్ మిక్చర్ రోజూ కలుపుతాను.