ఏలూరు రోడ్డు సప్లిమెంట్ షాపులో క్రియాటిన్ కొనేముందు ఇది చదవండి

విజయవాడలో జిమ్‌కి వెళ్ళే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇది చదవాలి. ఏలూరు రోడ్డులో మెట్లెక్కి పైకి వెళ్ళే ఆ సప్లిమెంట్ షాపు చాలామందికి తెలుసు. "ఒరిజినల్ ఇంపోర్టెడ్, ఎమ్మార్పీలో సగానికే" అని రోజూ రీల్స్ పెడుతుంటాడే, ఆయన గురించే రాస్తున్నాను. మొన్ననే అక్కడికి వెళ్ళి వచ్చాం. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది.

మా తమ్ముడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. పోయిన వారం అక్కడ క్రియాటిన్, అంటే జిమ్‌లో బలం కోసం వాడే పొడి, డబ్బా కొన్నాడు, పదిహేను వందలు. ఫోన్‌లో స్కాన్ చేసి కట్టాడు. బిల్లు అడిగితే "ప్రింటర్ పనిచేయట్లేదు, వాట్సాప్‌లో పెడతాలే తమ్ముడూ" అన్నాడట. ఆ బిల్లు ఇప్పటికీ రాలేదు. "ఏమైనా ఇబ్బంది ఉంటుందా అన్నా" అని వీడు అడిగితే, "పాలు తాగినట్టే, కళ్ళు మూసుకుని వాడు" అని పంపించాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

వాడటం మొదలుపెట్టాక వాడికి రాత్రుళ్ళు నిద్ర లేదు. గుండె దడ, చేతులు వణుకు. నేను సూర్యారావుపేటలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. క్రియాటిన్‌లో కెఫీన్ లాంటి ఉత్తేజకం ఏదీ ఉండదు, దానివల్ల ఇలా జరగకూడదు. డబ్బా ఏదీ, తీసుకురా అన్నాను.

మూత తీయగానే వెనీలా ఐస్‌క్రీమ్ వాసన గుప్పుమంది. డబ్బా మీద మాత్రం అన్‌ఫ్లేవర్డ్ అని ఉంది. లోపలి సీలు ఒక పక్క గమ్ముతో అతికించినట్టు ముడతలు పడి ఉంది. పొడి లేత పసుపు రంగులో ఉంది, నాలుక మీద వేసుకుంటే తియ్యగా ఉంది. అసలైన క్రియాటిన్ మోనోహైడ్రేట్ తెల్లగా ఉంటుంది, వాసన ఉండదు, రుచి పెద్దగా తెలియదు. చల్లటి నీళ్ళలో సరిగా కరగక గ్లాసు అడుగున సన్నటి ఇసుకలా దిగుతుంది. ఇదేమో కలపగానే చిక్కగా పాలలా అయిపోయి పైన నురుగు కట్టింది. ఇక లేబుల్ చూస్తే ఇంపోర్టెడ్ అంటున్న సరుకు మీద దిగుమతిదారు పేరు లేదు, చిరునామా లేదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరులో 14 అంకెలు ఉండాలి. ఒక్కొక్కటి వేలు పెట్టి లెక్కపెట్టాను, 13 ఉన్నాయి.

సరే, డబ్బులు వెనక్కి ఇచ్చేస్తాడు, గొడవ వదిలిపోతుంది అనుకుని అమ్మ, నేను, తమ్ముడు ముగ్గురం వెళ్ళాం. షాపులో ఓ అరడజను మంది కుర్రాళ్ళున్నారు. నేను సీలు, నంబరు చూపించి నెమ్మదిగానే మాట్లాడాను. ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు. "మేడమ్, ల్యాబ్‌లో రక్తం తీసుకునేవాళ్ళు కూడా మాకు సప్లిమెంట్ల గురించి చెప్తే ఎలా?" అన్నాడు. పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు. అది కూడా భరించాను. తర్వాత నన్ను వదిలేసి అమ్మ వైపు తిరిగాడు. గొంతు మార్చి, ఎంతో జాలిగా, "చూడండమ్మా, క్రియాటిన్ కొందరి ఒంటికి పడదు. కిడ్నీలు పోతాయి. మేం అందరికీ ముందే చెప్తాం, మీ వాడే వినలేదు. ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళండి" అన్నాడు.

పాలు తాగినట్టే అన్న మనిషే ఈ మాటా అన్నాడు. సరుకు మీద అనుమానం సంగతి తప్పించుకోవడానికి ఒక తల్లికి కొడుకు కిడ్నీలు పోతున్నాయని చెప్పాడు. మా ఇంటి పక్కాయన డయాలసిస్‌కి వెళ్ళి రావడం అమ్మ రోజూ చూస్తుంది. కిడ్నీ జబ్బులతో అల్లాడే ఉద్దానం పేరు, మన ఎ.కొండూరు తండాల పేరు విననివాళ్ళు ఈ రాష్ట్రంలో ఉన్నారా? కిడ్నీ అన్న మాట ఆమె మీద ఎలా పనిచేస్తుందో ఆయనకు బాగా తెలుసు. అమ్మ అక్కడే కుర్చీలో కూలబడింది. ఆటోలో ఇంటిదాకా ఏడుస్తూనే ఉంది. పదిహేను వందలు పోతే పోయాయి, ఈ పని మాత్రం నేను క్షమించను.

అదే రోజు మా ల్యాబ్‌లో తమ్ముడికి క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష) చేయించాను. 1.1 వచ్చింది. మగవాళ్ళకి మామూలుగా 0.7 నుంచి 1.3 మధ్య ఉంటుంది. డాక్టరుగారికి చూపిస్తే ఆ పొడి మానేయమన్నారు, మానేశాక దడ తగ్గింది. వాడి కిడ్నీలు బాగున్నాయి.

ఆయన మాటలు విన్న ఆ కుర్రాళ్ళ కోసం, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. క్రియాటిన్ స్టెరాయిడ్ కాదు. మన శరీరమే దాన్ని రోజుకి సుమారు ఒక గ్రాము తయారు చేసుకుంటుంది. మాంసం, చేపల్లోనూ ఉంటుంది. దాదాపు అంతా కండరాల్లో నిల్వ ఉండి, బరువులు ఎత్తేటప్పుడు, పరుగు తీసేటప్పుడు ఆ కొద్ది క్షణాలకి కావలసిన శక్తి అందిస్తుంది. రోజుకి 3 నుంచి 5 గ్రాములు చాలు. మొదట్లో కిలో, రెండు కిలోలు బరువు పెరగొచ్చు, అది కండరాల్లో చేరే నీరు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఇది సురక్షితమేనని ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ స్పోర్ట్స్ న్యూట్రిషన్ 2017లో స్పష్టంగా రాసింది. ముందే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, కిడ్నీల మీద ప్రభావం చూపే మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా ముట్టుకోకూడదు.

పరీక్షల దగ్గర ఒక సంగతి. క్రియాటిన్ ఒంట్లో క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. అందుకే వాడేవాళ్ళ రిపోర్టులో ఆ అంకె కాస్త పెరిగి కనిపించొచ్చు. మా ల్యాబ్‌కి అలాంటి రిపోర్టు పట్టుకుని చెమటలు పట్టి వచ్చే పిల్లలున్నారు. ఆ ఒక్క అంకె పెరిగిందని కిడ్నీ దెబ్బతిన్నట్టు కాదు. అలాగని పట్టించుకోకుండా వదిలేయకూడదు. క్రియాటిన్ వాడుతున్నానని డాక్టరుకి చెప్పండి. అనుమానం ఉంటే వాళ్ళే కిడ్నీలని ఇంకోలా చూసే సిస్టాటిన్ సీ (రక్తంలో), ఆల్బుమిన్ (మూత్రంలో) పరీక్షలు రాస్తారు.

కొనేటప్పుడు బిల్లు లేకుండా డబ్బులు కట్టకండి. లైసెన్సు నంబరు ఎఫ్ఎస్ఎస్ఏఐ సైట్‌లో కొట్టి చూడండి, కంపెనీ పేరు కలవాలి. సీలు షాపులోనే, వాళ్ళ ముందే తీయండి, వీడియో తీసుకోండి. రంగు, వాసన చూసి అనుమానించగలం గానీ కల్తీ అని తేల్చేది ల్యాబే, కాబట్టి డబ్బా పారేయకుండా దాచండి. మా డబ్బా అలాగే ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, రేపు ఫుడ్ సేఫ్టీ అధికారి ఆఫీసుకి డబ్బా తీసుకెళ్తున్నాను. ఆ షాపులో కొన్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే మీ డబ్బా, డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్ జాగ్రత్త చేసి నాకు మెసేజ్ పెట్టండి, కలిసి వెళ్దాం.