వెస్ట్ టెక్సాస్‌కి ఆర్‌వీ మేలా, కారు మేలా?

డిసెంబరు వచ్చేసరికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు, పిల్లలకు సెలవులు, ఆఫీసులో వాడుకోని లీవులు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ తెలుగువాళ్ల ఇళ్లలో బిగ్ బెండ్ ప్రస్తావన వచ్చేది అప్పుడే. "ఆర్‌వీ (మంచాలు, వంటిల్లు, బాత్రూమ్ ఉన్న పెద్ద బండి) తీసుకుందాం, వంటిల్లు మనతోనే వస్తుంది" అని ఒకరంటారు. "ఉన్న మినీవ్యాన్ ఉండగా అదెందుకు, రూములు బుక్ చేస్తే పోలా" అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఎటు వెళ్తున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. నన్నడిగితే బిగ్ బెండ్, ఫోర్ట్ డేవిస్ వైపు అయితే ఆర్‌వీ గురించి ఆలోచించాలి. గ్వాడలూప్ కొండలు, పక్కనున్న న్యూ మెక్సికోలోని కార్ల్స్‌బాడ్ గుహలు, వైట్ సాండ్స్ ఇసుక దిబ్బల వైపు అయితే ఆలోచించకుండా కారు తీయాలి.

ముందు ఆ ప్రాంతం ఎంత ఖాళీగా ఉంటుందో తెలియాలి. బిగ్ బెండ్ నేషనల్ పార్క్ ఉన్న బ్రూస్టర్ కౌంటీ ఒక్కటే కనెక్టికట్ రాష్ట్రం కంటే పెద్దది. జనం మాత్రం పదివేలకు అటూ ఇటూ. మారథాన్ ఊరు దాటాక పార్క్ ఆఫీసున్న పాంథర్ జంక్షన్ దాకా 70 మైళ్లు. ఆ దారిలో హోటల్ కాదు కదా, టీ కొట్టు లాంటిది కూడా ఉండదు. రెండు పక్కలా ర్యాంచ్ కంచెలు, ఎక్కడో ఒక గాలిమర, అక్కడక్కడా ఆవులు. పిల్లలకు బాగుంటుంది. షుగర్ మాత్రలు వేసుకునే నాన్నగారికి బాత్రూమ్ కావాల్సి వస్తే అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

ఆర్‌వీ గెలిచేది ఇక్కడే. రోడ్డు అంచున షోల్డర్ వెడల్పుగా ఉన్న చోటో, పిక్నిక్ ఏరియాలోనో బండి ఆపితే చాలు, బాత్రూమ్ వెనకే ఉంది. టెక్సాస్ హైవే రెస్ట్ ఏరియాల్లో 24 గంటల దాకా ఆగనిస్తారు కాబట్టి అలసిపోతే అక్కడే పడుకోవచ్చు కూడా. రెండోది తిండి. ర్యాంచ్ దేశంలో మెనూ అంటే బ్రిస్కెట్, స్టేక్, బర్గర్. శాకాహారులకు చీజ్ కేసడియా, ఫ్రెంచ్ ఫ్రైస్ మిగులుతాయి. రెండు రోజులు సర్దుకుంటారు, మూడో రోజు అమ్మ ముఖం చూడలేం. ఆర్‌వీలో ప్రొపేన్ పొయ్యి ఉంటుంది, ఫ్రిజ్ ఉంటుంది. పప్పు, చారు, పెరుగన్నం, ఇంటినుంచి తెచ్చిన ఆవకాయ: ఇంకేం కావాలి? తాలింపు మాత్రం లోపల పెట్టకండి. పొగకి అలారం మోగుతుంది, ఆ వాసన పరుపులకు పడితే తిరిగిచ్చేటప్పుడు క్లీనింగ్ చార్జీ వేసే వీలుంది. చిన్న గ్యాస్ స్టవ్ ఒకటి విడిగా తీసుకెళ్లి క్యాంప్‌సైట్ బల్ల మీద పెట్టుకుంటే సరి.

కరెంటు సంగతి కూడా తెలిసి ఉండాలి. అద్దెకిచ్చే చిన్న ఆర్‌వీలకు మామూలుగా 30 యాంప్స్ కనెక్షన్ ఉంటుంది. ఏసీ తిరుగుతుండగా మైక్రోవేవ్, రైస్ కుక్కర్ రెండూ ఒకేసారి పెట్టారా, బ్రేకర్ పడిపోతుంది. హుకప్ (బండికి తగిలించుకునే కరెంటు, నీళ్ల కనెక్షన్) లేని చోట అయితే ఏసీకి జనరేటర్ వేయాలి. దానికి అద్దె కంపెనీలు చాలావరకు గంటకింత అని తీసుకుంటాయి, నేషనల్ పార్కుల్లో పగటిపూట నిర్ణీత గంటల్లోనే వేయనిస్తారు. ఎండాకాలంలో రియో గ్రాండే నది ఒడ్డున వేడి 100 ఫారెన్‌హీట్ దాటేస్తుంది కాబట్టి ఆర్‌వీ మాట నవంబరు నుంచి మార్చి మధ్యే.

ఇక అసలు ఇబ్బందులు. అద్దెకు ఎక్కువగా దొరికేది ట్రక్కు మీద ఇల్లు కట్టినట్టుండే క్లాస్ సి రకం, 25 అడుగులదో 30 అడుగులదో. మామూలు లైసెన్స్ చాలు. కానీ ఆ ఎత్తుకి పక్కగాలి తగిలితే రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకోవాలి. ఐ-10 హైవే మీద స్పీడ్ లిమిట్ 80 మైళ్లు ఉంటుంది, మీరు 65 దాటలేరు, పక్కనుంచి పెద్ద ట్రక్కు వెళ్లిన ప్రతిసారీ బండి ఊగుతుంది. గూగుల్ మ్యాప్స్ తొమ్మిది గంటలంటే మీకు పన్నెండు పడుతుంది. వెనక డైనెట్‌లో (భోజనం బల్ల దగ్గరి సీట్లలో) కూర్చున్న పెద్దవాళ్లకు కుదుపు ఎక్కువ, బయట సరిగా కనపడదు, కడుపులో తిప్పుతుంది. పసిపిల్లల కార్ సీటు పక్కకు తిరిగిన సీట్ల మీద బిగించకూడదు. బుక్ చేసే ముందే ముందుకు చూసే, బెల్టున్న సీట్లెన్నో అడగాలి. డ్రైవర్ తల మీద ఉండే మంచం ఎక్కడం పెద్దవాళ్ల వల్ల కాదు. వెనక గది వాళ్లకిచ్చి దంపతులు పైకెక్కాలి, పిల్లాడు డైనెట్ మీద.

ట్యాంకుల పని ఒకటుంది. బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్ మురుగు చేరేది) ఖాళీ చేయడానికి చేతికి గ్లౌజులు తొడుక్కుని, గొట్టం బిగించి, ముందు మురుగు వదిలి, ఆ తర్వాత సింకు నీళ్లతో గొట్టం కడగాలి. పది నిమిషాల పనే, కానీ ఎవరు చేయాలన్నది ఇంట్లో ముందే తేల్చుకోండి. మామూలుగా అది అల్లుడి మెడకే చుట్టుకుంటుంది.

బిగ్ బెండ్‌లో ఆర్‌వీకి తగిలే పెద్ద దెబ్బ వేరే ఉంది. పార్క్ నడిబొడ్డున కొండల మధ్య చీసోస్ బేసిన్ ఉంది. చల్లగా, చెట్లతో, సాయంత్రం పూట ఎదురుగా విండో అనే కొండ సందులోంచి సూర్యాస్తమయం కనిపించే చోటు. ఆ ఘాట్ రోడ్డుకి 24 అడుగులు దాటిన ఆర్‌వీలు వద్దని పార్క్ వాళ్లే చెబుతారు. మీరు తెచ్చింది 25 అడుగులది. అంటే పార్క్‌లో అందమైన చోటుకి మీ ఇల్లు రాదు. శాంటా ఎలీనా కాన్యన్‌కి వెళ్లే రాస్ మ్యాక్స్‌వెల్ డ్రైవ్ తారు రోడ్డే గానీ సోటోల్ విస్టా దగ్గర మలుపులు, వాలు చూస్తే పెద్ద బండి నడిపేవాడికి చెమట పడుతుంది. నది ఒడ్డున 1,500 అడుగుల రాతి గోడల మధ్య నిలబడితే ఆ చెమట మర్చిపోతారనుకోండి. మట్టి రోడ్లయితే మామూలుగా అద్దె ఒప్పందంలోనే నిషేధం.

రాత్రి బస రియో గ్రాండే విలేజ్‌లో. అక్కడ నీళ్లు, కరెంటు, మురుగు మూడూ ఉన్న సైట్లు 25 మాత్రమే. చూడటానికి పార్కింగ్ లాట్‌లానే ఉంటుంది. అయితే లైట్లార్పి బయటికొస్తే తెలుస్తుంది ఎందుకొచ్చారో. బిగ్ బెండ్‌కి 2012లోనే అంతర్జాతీయ డార్క్ స్కై పార్క్ గుర్తింపు వచ్చింది. పాలపుంత చూడటానికి ఎక్కడికీ డ్రైవ్ చేయనక్కర్లేదు. కుర్చీ వేసుకుని దుప్పటి కప్పుకుంటే చాలు, చలేస్తే రెండడుగుల్లో లోపలికి. మోటల్‌లో దిగినవాళ్లు ఇదే చూడాలంటే చీకట్లో, జింకలూ, అడవిపందుల్లాంటి హావలీనాలూ అడ్డం పడే రోడ్డు మీద తిరిగి వెళ్లాలి.

కారులో వెళ్లేవాళ్ల బస ఎక్కువగా పార్క్ బయటి ఊరు టెర్లింగువాలో ఉంటుంది, అక్కడ వంటగది ఉన్న క్యాబిన్‌లు చూసుకోవాలి. చీసోస్‌లో లాడ్జ్ పునర్నిర్మాణ పనులున్నాయి కాబట్టి అక్కడికి వెళ్లనిస్తున్నారా, బస దొరుకుతుందా లేదా అన్నది పార్క్ వెబ్‌సైట్‌లో చూశాకే ప్లాన్ వేయండి.

ఫోర్ట్ డేవిస్‌లో పోటీ దాదాపు సమానం. డేవిస్ మౌంటెన్స్ స్టేట్ పార్క్‌లో ఆర్‌వీలకు ఫుల్ హుకప్ సైట్లున్నాయి, అదే పార్క్‌లో 1930లలో మట్టి ఇటుకలతో కట్టిన ఇండియన్ లాడ్జ్ కూడా ఉంది. నేనైతే లాడ్జ్‌కే ఓటేస్తాను. దానికి మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ కారణం. అక్కడి స్టార్ పార్టీ అయ్యేసరికి బాగా రాత్రవుతుంది, ఆ కొండ రోడ్డు మీద అర్ధరాత్రి ఆర్‌వీ దింపడం నాకు ఇష్టముండదు. దగ్గర్లోనే బాల్మొరియాలో ఊటనీటి ఈతకొలను ఉంది, నీళ్లు ఏడాది పొడవునా 72–76 ఫారెన్‌హీట్‌లోనే ఉంటాయి. మార్ఫా దగ్గర వింత లైట్లు చూసే చోట పెద్ద బండికి కూడా పార్కింగ్ సరిపోతుంది. లైట్లు కనపడకపోతే నన్ననొద్దు.

రెండో దారికొస్తే ఆర్‌వీ ఖర్చు శుద్ధ దండగ. గ్వాడలూప్ మౌంటెన్స్‌లో టెక్సాస్‌కెల్లా ఎత్తయిన 8,751 అడుగుల శిఖరం ఉంది. దాని కింద పైన్ స్ప్రింగ్స్‌లో ఆర్‌వీ సైట్లంటే తారు వేసిన పార్కింగ్ గళ్లు, హుకప్ లేదు, షవర్ లేదు. ఆ కనుమలో ఈదురుగాలులకు ఎత్తైన వాహనాలకు తరచూ హెచ్చరికలు ఇస్తారు. కార్ల్స్‌బాడ్ గుహల పార్క్‌లో ఆర్‌వీ క్యాంపింగే లేదు. గుహలోకి మాత్రం 750 అడుగుల లోతుకి లిఫ్ట్ ఉంది కాబట్టి పెద్దవాళ్లను తప్పకుండా తీసుకెళ్లాలి. 2019 డిసెంబరులో నేషనల్ పార్క్ అయిన వైట్ సాండ్స్‌లోనూ బండిలో పడుకోనివ్వరు. పక్కన మిసైల్ పరీక్షలుంటే కాసేపు రోడ్డే మూసేస్తారు. ఒక చోట హుకప్ లేక, మిగతా రెండు చోట్ల రాత్రికి ఊళ్లోకే వెళ్లాలన్నప్పుడు ఇల్లు మోసుకెళ్లడం దేనికి?

డబ్బు లెక్క. డాలస్ నుంచి బిగ్ బెండ్, ఫోర్ట్ డేవిస్ చూసి రావడానికి లోపలి తిరుగుడుతో కలిపి 1,400 మైళ్లనుకుందాం, ఆరు రాత్రులు, ఐదుగురు. ఆర్‌వీ గ్యాలన్‌కి 9 మైళ్లిస్తే 155 గ్యాలన్లు, గ్యాలన్ 3 డాలర్లయితే 465. అద్దె రాత్రికి 200 చొప్పున 1,200. మైలుకి 40 సెంట్లు వేస్తే 560. సైట్లకు ఓ 240. మొత్తం 2,465, దీని మీద ఇన్సూరెన్స్, టాక్స్. క్రెడిట్ కార్డు ఇచ్చే రెంటల్ కవరేజ్ ఆర్‌వీలకు మామూలుగా వర్తించదు, ఆ ఖర్చు వదిలేయొద్దు. సొంత మినీవ్యాన్ గ్యాలన్‌కి 24 మైళ్లిస్తే పెట్రోలు 175. రెండు రూములు, ఒక్కోటి 150 అయితే ఆరు రాత్రులకు 1,800. కలిపి 1,975, బయట తిండి అదనం. అంటే పెద్దవాళ్లకు వేరే రూము కావాలంటే తేడా కొద్దిగానే. ఒకే రూములో సర్దుకునే నలుగురికి మాత్రం కారు సగం ధరకే వస్తుంది, ఇక చర్చ అనవసరం.

నాకు అన్నిటికంటే నచ్చేది మూడో పద్ధతి. మనవాళ్లు ఎలాగూ రెండు కుటుంబాలుగానే బయల్దేరతారు. రెండు ఆర్‌వీలు తీయకండి. ఒక ఆర్‌వీ, ఒక ఎస్‌యూవీ. దూరం నడిచేటప్పుడు పెద్దవాళ్లు కారులో మెత్తగా కూర్చుంటారు, బాత్రూమ్, భోజనం వెనకే వస్తుంటాయి. క్యాంప్‌లో ఆర్‌వీని ప్లగ్ చేసి మళ్లీ కదపొద్దు, చీసోస్‌కీ కాన్యన్‌కీ కారులో విడతలుగా వెళ్లొచ్చు. డ్రైవర్లు మారొచ్చు, అద్దె పంచుకోవచ్చు. ఆర్‌వీ బాధల్లో ఎక్కువ భాగం రోజూ హుకప్ ఊడదీసి, ట్యాంకు ఖాళీ చేసి, సామాన్లు బీరువాల్లోంచి పడకుండా సర్ది కదలడంలో ఉంది. రెండే చోట్ల మూడేసి రాత్రులుంటే ఆ బాధ సగం పోతుంది.

ఎందులో వెళ్లినా ఒక జాగ్రత్త. బిగ్ బెండ్ నుంచి ఉత్తరానికి తిరిగొచ్చేటప్పుడు సరిహద్దు గస్తీ వాళ్ల (బార్డర్ ప్యాట్రోల్) చెక్‌పోస్టులు తగులుతాయి. హెచ్1బీ, హెచ్4, విజిటర్ వీసా వాళ్లంతా అసలు పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు), ఉంటే ఐ-797 (ఇమిగ్రేషన్ అప్రూవల్ నోటీసు) దగ్గరుంచుకోవాలి. బొకియాస్ దగ్గర పడవెక్కి నది దాటి మెక్సికో ఊళ్లో తిని రావచ్చని విని సరదా పడతారు. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయినవాళ్లు ఆ సరదా మానుకోవడమే మంచిది.

బుకింగ్ వరుస కూడా తిరగేయకండి. జనం ముందు ఆర్‌వీ బుక్ చేసి, తర్వాత సైట్ వెతుకుతారు. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవులు, స్ప్రింగ్ బ్రేక్‌లో ఆ 25 సైట్లూ ఎప్పుడో నిండిపోయి ఉంటాయి. ముందు రియో గ్రాండే విలేజ్‌లో తేదీలు చూడండి. దొరక్కపోతే ఆర్‌వీ ఊసెత్తకుండా టెర్లింగువాలో వంటగది ఉన్న క్యాబిన్ వెతకండి, రైస్ కుక్కర్ మినీవ్యాన్‌లోనూ పడుతుంది.