పాత స్విస్ బాణీలకు ఏ మేళం మేలు?

హానీ క్రిస్టెన్ 1940లు, 50లలో స్విట్జర్లాండ్ ఊరూరా తిరిగి, ముసలి వాద్యకారులను కలిసి పదివేలకు పైగా డ్యాన్స్ బాణీలు సేకరించారు. ఆవిడ 1976లో పోయారు. సేకరణ పది సంపుటాలుగా అచ్చయింది మాత్రం 2002లో. వాల్ట్స్, పోల్కా, మజుర్కా, షాటిష్ లాంటి జంట డ్యాన్సుల బాణీలు అన్నీ అందులో ఉన్నాయి. కాగితం మీదున్న ఆ బాణీలు మళ్ళీ లేచి ఆడాలంటే ఎవరు వాయించాలి?

స్విస్ జానపదం అనగానే చాలామందికి గుర్తొచ్చేది లెండ్లర్ బృందం. క్లారినెట్, ష్వీజర్‌ఓర్గెలి అనే చిన్న బటన్ అకార్డియన్, నిలబెట్టి మీటే పెద్ద బేస్. ముగ్గురు నలుగురు చాలు, చిన్న హోటల్ గదిలో కూడా ఇమిడిపోతారు. తీగ మీటగానే లయ టక్కున తెలుస్తుంది కాబట్టి డ్యాన్స్ చేసేవాళ్లకు ఇంతకంటే సుఖం లేదు. కానీ ఓర్గెలి ఊళ్ళలోకి వచ్చింది 19వ శతాబ్దం చివర్లో. అంతకుముందు డ్యాన్సులకు వాయించినవి ఫిడేళ్లు, క్లారినెట్లు, ఇత్తడి వాద్యాలు. ఓర్గెలి బటన్లు కొన్ని శ్రుతులకే అనువుగా ఉంటాయి. పైగా దాని శబ్దం మధ్యలో ఖాళీ అన్నది లేకుండా నింపేస్తుంది. పాత బాణీలో రెండో గొంతుకు, అంటే పైబాణీకి తోడుగా కింద నడిచే మరో స్వరానికి, చోటు దొరకదు.

ఇక ఊరి పెద్ద బ్యాండు. ఒక్కో వరుసకు, అంటే బాణీలో ఒక్కో వాద్యానికి రాసిన భాగానికి, నలుగురైదుగురు, ముందు కండక్టరు. శబ్దం గొప్పగా ఉంటుంది, కాదనను. అయితే ఐదు క్లారినెట్లు కలిసి వాయించాలంటే ప్రతి చిన్న సంగతీ ముందే రాసి, అందరూ ఒకేలా పలకాలి. ఆ క్రమంలో బాణీలోని కొంటెతనం పోతుంది. ఈ పనికి నేను దాన్ని ఎంచుకోను.

నా ఓటు ఆరేడుగురి చిన్న ఊదుడు మేళానికి. జర్మన్ మాట్లాడే ప్రాంతంలో ఇలాంటి వాటిని బూరెమూసిగ్, అంటే రైతుల సంగీతం, అంటారు. ఇటాలియన్ మాట్లాడే తిచీనోలో బాందెల్లా అంటారు. రెండు క్లారినెట్లు, ట్రంపెట్ లేదా దానికంటే మెత్తగా పలికే ఫ్లూగెల్‌హార్న్, మధ్య స్థాయిలో పలికే టెనార్ హార్న్, అన్నిటికంటే కింది స్వరాలు పలికే పెద్ద ఇత్తడి వాద్యం ట్యూబా. ఒక్కో వరుసకు ఒక్కరే. ట్యూబా 'ఉం' అంటే హార్న్ 'పా' అంటుంది, ఆ రెండింటి మీద పైబాణీ తేలుతుంది. రెండో క్లారినెట్ కాగితం లేకుండా చెవితోనే కింది స్వరం పట్టుకోవచ్చు. బాణీ రెండోసారి వచ్చినప్పుడు ట్రంపెట్ పక్కకు తప్పుకుని, హార్న్ దాన్ని అందుకోవచ్చు. ఒకే పదహారు బార్ల (లయ ఖండాల) బాణీ నాలుగు రంగుల్లో వినిపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం ఊపిరి. ఊదేవాళ్లు ఎక్కడో ఒకచోట గాలి పీల్చుకోక తప్పదు. ఆ చిన్న విరామంలోనే డ్యాన్స్ చేసేవాళ్ల పాదం లేస్తుంది. ఊదకుండా వేళ్లతోనే వాయించే వాద్యాల్లో ఆ విరామాన్ని కావాలని పెట్టాలి, ఇక్కడ అది దానంతటదే వస్తుంది.

చిక్కులు లేవని కాదు. చిన్న గదిలో ట్రంపెట్ చెవులు బద్దలు కొడుతుంది, అక్కడ ఫ్లూగెల్‌హార్నే నయం. గంటల తరబడి వాయిస్తే పెదాలు అలిసిపోతాయి. ఒక్కరు రాకపోతే ఒక వరుసే లేకుండా పోతుంది. అన్ని ప్రాంతాల బాణీలకూ ఇది నప్పదు కూడా. ఈశాన్య స్విట్జర్లాండ్‌లోని అప్పెన్‌జెల్ సంగీతం ఫిడేళ్లు, హాక్‌బ్రెట్ (చిన్న కర్రలతో తీగలను కొట్టి వాయించేది), చెల్లో, బేస్‌లతో పెరిగింది. దాన్ని ఇత్తడికి మార్చడం నాకు మనసొప్పదు.

క్రిస్టెన్ సంపుటాల్లోంచి ఒక షాటిష్ తీసి మేళం కట్టాలనుకునేవాళ్లు ముందుగా మంచి ట్యూబా మనిషిని వెతకాలి. క్లారినెట్ వాయించేవాళ్లు ఎలాగోలా దొరుకుతారు. పిల్లి నడకలా తేలికగా 'ఉం' అనగలిగే ట్యూబా దొరకడమే కష్టం. అది బరువుగా పడితే ఎంత మంచి బాణీ అయినా కవాతులా మారిపోతుంది.